కొడుకు ఐఫోన్ ఇచ్చాడు, మారాలా?

బరంపురం పెద్ద బజారులో ఒక పట్టుచీరల కొట్టు ఉందనుకుందాం. యజమానికి అరవై దాటాయి. ఇంట్లో తెలుగు, బేరాల్లో ఒడియా, బిల్లు మీద ఇంగ్లీషు. చేతిలో ఐదేళ్లనాటి ఆండ్రాయిడ్ ఫోన్. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు దసరాకు వస్తూ తన పాత ఐఫోన్ తెచ్చి చేతిలో పెట్టాడు. "నాన్నా, ఇది వాడుకో, బావుంటుంది" అన్నాడు. నాలుగు రోజులుండి వెళ్లిపోయాడు. ఫోన్ ఇంకా డబ్బాలోనే ఉంది.

ఆ ఇల్లు నేను ఊహించినది. కానీ గంజాం జిల్లాలో అలాంటి ఇళ్లకు కొదవ లేదు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, విశాఖలోనో ఉంటారు. వాళ్లు వాడి పక్కన పెట్టిన ఫోన్లు ఇంటికి చేరతాయి. డబ్బా తెరవాలా వద్దా అని పెద్దవాళ్లు తటపటాయిస్తారు. వాళ్లకు భయమని పిల్లలు అనుకుంటారు. నా ఉద్దేశంలో ఆ తటపటాయింపుకు సరైన కారణమే ఉంది. పెద్దవాళ్లకు దాన్ని మాటల్లో పెట్టడం రాదు, అంతే. ఆ కారణమేమిటో ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

ఫోన్‌లో మనకు కనిపించేవి యాప్‌లు. వాటి అడుగున ఆపరేటింగ్ సిస్టమ్ (ఫోన్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్) ఉంటుంది. తెర మీద అక్షరం ఎలా పడాలి, ఫొటో ఎక్కడ దాగాలి, ఏ యాప్ మెసేజ్ పంపవచ్చు, ఏది పంపకూడదు అన్నవన్నీ అది నిర్ణయిస్తుంది. నేడు లోకంలో దాదాపు అన్ని స్మార్ట్‌ఫోన్లూ రెండింటిలో ఒకదాని మీద నడుస్తాయి. ఒకటి గూగుల్ వారి ఆండ్రాయిడ్. దాన్ని శామ్‌సంగ్, షావోమీ, వివో వంటి అనేక కంపెనీలు తమ ఫోన్లలో పెట్టుకుంటాయి. రెండోది యాపిల్ వారి ఐఓఎస్. అది ఐఫోన్‌లో తప్ప మరెక్కడా ఉండదు. భారతదేశంలో ఇరవై ఫోన్లు తీస్తే సుమారు పంతొమ్మిది ఆండ్రాయిడ్‌వే.

ఒక కంపెనీ ఆండ్రాయిడ్ నుంచి మరో కంపెనీ ఆండ్రాయిడ్‌కు మారడం ఒకే వీధిలో ఇల్లు మారడం లాంటిది. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారడం అలా ఉండదు. దానికి పోలిక గంజాం చరిత్రలోనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఎక్కువ భాగం అందులో కలిసింది. ఆ రోజు బరంపురంలో ఎవరి ఇల్లూ కదలలేదు, ఏ వీధీ చోటు మారలేదు. కానీ అంతకు ముందు మద్రాసు హైకోర్టుకు వెళ్లే అప్పీళ్లు పాట్నా హైకోర్టు పరిధిలోకి పోయాయి. 1948లో కటక్‌లో ఒడిశా హైకోర్టు వచ్చేదాకా అదే ఏర్పాటు. ఊరు అదే, మనుషులు వాళ్లే, కాగితం వెళ్లే దారి మాత్రం మారింది. ఫోన్ విషయంలోనూ అంతే. మీ సిమ్ అదే, నంబరు అదే, బ్యాంకు ఖాతా అదే. మీ కాగితాలు దాచే కచేరీ మాత్రం మారుతుంది. పాత కచేరీలో ఉన్నవి కొత్తదానికి వాటంతట అవి నడిచి రావు.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎక్కువగా వినపడడానికి కారణాలున్నాయి. మొదటిది, పాత ఫోన్లను యాప్‌లు ఒక్కొక్కటిగా వదిలేస్తున్నాయి. 2025 జనవరిలో ఆండ్రాయిడ్ 4.4 నడిచే ఫోన్లకు వాట్సాప్ ఆగిపోయింది. అదే ఏడాది మే నెలలో ఐఓఎస్ 15.1 కంటే పాతదానితో ఉన్న ఐఫోన్లకూ ఆగిపోయింది. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు అందరూ ఫోన్ మార్చాల్సిందే. రెండోది, ఐఫోన్‌కు తెలుగు ఇప్పుడు బాగా వచ్చింది. ఆండ్రాయిడ్ మెనూలు 2014లో వచ్చిన 5.0 నుంచే తెలుగులో కనిపించేవి. ఐఫోన్‌లో తెలుగు టైపు చేసుకునే వీలు చాలాకాలంగా ఉన్నా, మెనూలు తెలుగులోకి, ఒడియాలోకి రావడానికి 2025లో వచ్చిన ఐఓఎస్ 18.4 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ 18.4 కూడా 2018 నాటి ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎస్ మోడళ్లు, వాటి తర్వాతివాటికే వస్తుంది. కొడుకు ఇచ్చినది 2017 నాటి ఐఫోన్ 8 గానీ, ఎక్స్ గానీ అయితే అది ఐఓఎస్ 16 దగ్గరే ఆగిపోతుంది. అందుకే డబ్బా తెరిచాక ముందు చూడాల్సింది మోడల్ పేరు.

ఇక అసలు విషయానికి వస్తాను. బరంపురం తెలుగు ఇళ్లలో మారడం మరింత జాగ్రత్తగా చేయాలని నేననడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది.

ఇక్కడి తెలుగు పిల్లలు చాలామంది బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకున్నారు. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడతారు, రాయమంటే రాయలేరు. కాబట్టి మెసేజ్ రాయాల్సి వస్తే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు. లేదంటే మైకు గుర్తు నొక్కి పట్టుకుని మాట్లాడేస్తారు. పాతిక కిలోమీటర్ల అవతల ఇచ్ఛాపురంలో ఉన్న మేనత్తకు, విశాఖలో ఉన్న బావకు, సూరత్ మరమగ్గాల్లో పనిచేసే తమ్ముడికి వెళ్లేవి ఆ గొంతులే. అంటే ఈ ఇళ్లలో తెలుగు కాగితం మీద కాదు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలో నిల్వ ఉంది. పోయిన అమ్మమ్మ గొంతు చాలా ఇళ్లలో మిగిలింది అక్కడే. సరిగ్గా ఈ నిల్వే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య సులువుగా దాటదు.

ఎందుకు దాటదో చూద్దాం. మీ పాత సంభాషణలను వాట్సాప్ తన సర్వర్లలో దాచి పెట్టదు. అవి మీ ఫోన్‌లోనే ఉంటాయి. వాటికి ఒక బ్యాకప్ (అచ్చంగా అలాంటిదే మరో ప్రతి) మాత్రం బయట దాచుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్ ఆ ప్రతిని మీ గూగుల్ ఖాతాలో దాస్తుంది. ఐఫోన్ యాపిల్ వారి ఐక్లౌడ్‌లో దాస్తుంది. గూగుల్‌లో ఉన్న ప్రతిని ఐఫోన్ చదవలేదు. ఐక్లౌడ్‌లో ఉన్నదాన్ని ఆండ్రాయిడ్ చదవలేదు. "బ్యాకప్ ఉందిగా, ఏం భయం" అని చాలామంది ధైర్యంగా మారిపోయేది, తీరా ఖాళీ తెర చూసి దిగులుపడేది ఇక్కడే.

2021 దాకా ఈ గోడకు అధికారికంగా తలుపే లేదు. ఆ ఏడాది ఆగస్టులో ఐఫోన్ నుంచి శామ్‌సంగ్ ఫోన్లకు కేబుల్ ద్వారా చాట్లు పంపే దారిని వాట్సాప్ ప్రకటించింది. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వెళ్లే దారి 2022 జూన్‌లో తెరుచుకుంది. అది 'మూవ్ టు ఐఓఎస్' అనే యాప్ ద్వారా జరుగుతుంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ యాప్ పెట్టుకోవాలి. రెండు ఫోన్లకూ చార్జర్ తగిలించాలి. రెండింటిలో ఒకే నంబరు వాడాలి. ఐఫోన్ తెర మీద ఒక కోడ్ వస్తుంది, దాన్ని ఆండ్రాయిడ్‌లో కొట్టాలి. ఏమేమి పంపాలో అడిగే జాబితాలో వాట్సాప్‌ను ఎంచుకోవాలి. ఆ తర్వాత సంభాషణలు, ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు నేరుగా ఒక ఫోన్ నుంచి మరోదానికి వెళ్తాయి. కాల్స్ జాబితా రాదు. డబ్బు పంపిన మెసేజ్‌లూ రావు.

ఒక షరతు చాలామందిని దెబ్బతీస్తుంది. ఈ దారి ఐఫోన్‌ను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే పనిచేస్తుంది. కొడుకు వాడిన ఫోన్ అప్పటికే సిద్ధమై ఉంటుంది. దాన్ని పూర్తిగా చెరిపి, కొత్త ఫోన్ లాగా మళ్లీ మొదలుపెట్టాలి. తొందరలో ఆ పని మానేసి, సిమ్ మార్చి, వాట్సాప్ తెరిస్తే గ్రూపుల పేర్లు వస్తాయి, లోపల ఏమీ ఉండదు. ఇలా జరిగినా కంగారు పడక్కర్లేదు. పాత ఫోన్‌ను చెరపనంత వరకు పాత చాట్లు అందులోనే ఉంటాయి. మళ్లీ మొదటి నుంచి చేయవచ్చు.

చెరిపే ముందు కొడుకు చేయాల్సిన పని ఒకటుంది. ఐఫోన్‌కు యాక్టివేషన్ లాక్ (యజమాని ఖాతా లేనిదే ఫోన్ తెరుచుకోనివ్వని తాళం) ఉంటుంది. కొడుకు తన యాపిల్ ఖాతా నుంచి ఆ ఫోన్‌ను తీసేయాలి. తీయకుండా హైదరాబాదు వెళ్లిపోతే, ఇక్కడ చెరిపిన తర్వాత ఫోన్ అతని పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. పండక్కి వచ్చినప్పుడే, పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని చేయించుకోవాలి.

గొంతులు కాపాడుకోవడానికి ఇంకో మార్గం ఉంది. మారినా మారకపోయినా అది అందరూ చేయదగ్గది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే ఫోన్ నిల్వ ఒక సంచిలాగా తెరుచుకుంటుంది. అందులో వాట్సాప్ మీడియా అనే ఫోల్డర్, దాని లోపల 'వాయిస్ నోట్స్' అనే ఫోల్డర్ ఉంటాయి. మీకు వచ్చిన, మీరు పంపిన మాటలన్నీ తేదీలవారీగా చిన్న చిన్న ఫైళ్లుగా అక్కడే ఉంటాయి. వాటిని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవచ్చు. వీఎల్‌సీ వంటి ఉచిత ప్లేయర్‌లో అవి వినపడతాయి. ఐఫోన్‌లో ఇలా ఫోల్డర్ తెరిచి తీసుకునే వీలు లేదు. అక్కడ ఒక్కో సంభాషణనూ విడిగా ఎక్స్‌పోర్ట్ (ఫైలుగా బయటికి తీయడం) చేసుకోవాలి. అంటే ఈ గొంతులను మూకుమ్మడిగా బయటికి తీసే సులువైన అవకాశం ఆండ్రాయిడ్‌లో ఉన్నప్పుడే ఉంది. మారే ముందు రోజు అరగంట దీనికి కేటాయించండి.

ఇప్పుడు లిపి సంగతి. "తెలుగులో రాసిన మెసేజ్‌లు ఐఫోన్‌లో పాడైపోతాయా?" అని అడిగేవారున్నారు. పాడవవు. ఎందుకంటే ఫోన్ అక్షరాన్ని బొమ్మగా దాచదు, అంకెగా దాస్తుంది. యూనికోడ్ (లోకంలోని ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించే ప్రమాణం) తెలుగు 'క'కు 3093 ఇచ్చింది. ఒడియా 'క'కు 2837 ఇచ్చింది. తేడా సరిగ్గా 256. 'గ' తీసుకున్నా, 'మ' తీసుకున్నా అదే 256. రెండు లిపుల వరసనూ ఒకే పద్ధతిలో పేర్చారు గనుక అలా వచ్చింది. బరంపురంలో రెండు భాషల మధ్య బతికేవారికి ఈ లెక్క ముచ్చట గొలుపుతుంది. ఈ అంకెలు ఆండ్రాయిడ్‌లోనూ, ఐఫోన్‌లోనూ ఒకటే. అందుకే అక్షరం దాటుతుంది.

మారేది అంకెను బొమ్మగా గీసే పద్ధతి. అది ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకానికంతా తెలిసింది, అదీ తెలుగు అక్షరం వల్ల. 'జ్ఞా' అన్నది మనకు ఒకే అక్షరం. ఫోన్‌కు అది నాలుగు అంకెలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. వీటిని కలిపి ఒక్క ఆకారంగా గీయాలి. ఆ వరసలో 'ఞ'కూ దీర్ఘానికీ మధ్య, తెర మీద కనపడని ఒక విభజన సంకేతం పడితే, ఐఓఎస్ 11.2.5 నడిచే ఐఫోన్లు దాన్ని గీయలేక తడబడ్డాయి. ఆ అక్షరం ఉన్న మెసేజ్ వస్తే చాలు, మెసేజ్‌ల యాప్ మూసుకుపోయేది. తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని కలయికలకూ అదే జరిగింది. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది.

ఈ ఉదంతంలో రెండు సంగతులున్నాయి. కోట్లమంది రాసే లిపిలో ఒక కలయికను విడుదలకు ముందు సరిగ్గా పరీక్షించలేదన్నది మొదటిది. తెలుగువాడిగా అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. సరిదిద్దడం మొదలుపెట్టాక మందు రోజుల్లో అందరికీ చేరిందన్నది రెండోది. ఫోన్ చేసేదీ, సాఫ్ట్‌వేర్ రాసేదీ ఒకే కంపెనీ కావడం దానికి కారణం. ఆండ్రాయిడ్‌లో మూల సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని గూగుల్ సరిచేశాక, అది ఫోన్ కంపెనీ చేతికి వెళ్లాలి. కంపెనీ తన మోడల్‌కు తగినట్టు మార్చి, పరీక్షించి, విడుదల చేయాలి. చవక ఫోన్లకు ఆ చివరి అడుగు ఆలస్యమవుతుంది. కొన్నింటికి రెండు మూడేళ్ల తర్వాత అసలు పడదు.

టైపింగ్ విషయంలో మాత్రం ఇబ్బంది నిజంగానే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో చాలామంది గూగుల్ కీబోర్డుకు అలవాటుపడ్డారు. ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ అని కొడితే తెలుగులో 'అమ్మ' అని పడుతుంది. మైకు నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయి. ఐఫోన్‌లోనూ గూగుల్ కీబోర్డు పెట్టుకోవచ్చు. కానీ బయటి కీబోర్డులకు యాపిల్ హద్దులు పెట్టింది. కీబోర్డు నేరుగా మైకును అందుకోలేదు. పాస్‌వర్డ్ దగ్గర యాపిల్ కీబోర్డే వస్తుంది. మీరు రోజూ వాడే పేర్లు, ఊర్లు పాత కీబోర్డు నేర్చుకుని ఉంటుంది. కొత్తది మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. నిర్ణయానికి ముందు కొడుకు ఫోన్‌లోనే ఒక పూట ప్రయత్నించి చూడండి. 'జ్ఞాపకం' అని రాయండి, 'ఛత్రపురం' అని రాయండి, ఒడియాలో ఒక బేరం మాట రాయండి, ఒక వాక్యం మాట్లాడి టైపు చేయించండి. ఆ పూట చిరాకు పడకపోతే లిపి మీకు అడ్డంకి కాదు.

డబ్బు సంగతికి వద్దాం. యూపీఐ (ఫోన్ నుంచి నేరుగా బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే వ్యవస్థ) మీ పాస్‌వర్డ్‌ను మాత్రమే నమ్మదు. ఈ సిమ్ ఈ ఫోన్‌లోనే ఉందా అని చూస్తుంది. అందుకే కొత్త ఫోన్‌లో ఫోన్‌పే గానీ, గూగుల్ పే గానీ తెరిస్తే ముందుగా ఒక ఎస్‌ఎంఎస్ వెళ్తుంది. ఆండ్రాయిడ్‌లో అనుమతి ఇస్తే యాప్ దానంతట అదే పంపుతుంది. ఐఫోన్‌లో ఏ యాప్‌కూ తనంత తానుగా ఎస్‌ఎంఎస్ పంపే అధికారం లేదు. మెసేజ్ తెర తెరుచుకుంటుంది, లోపల అర్థంకాని అక్షరాలుంటాయి. వాటిని మార్చకుండా మీరే పంపే గుర్తు నొక్కాలి. అదేదో మోసమనుకుని వెనక్కి వచ్చేసేవారుంటారు. మీరే యాప్ తెరిచి, మీరే మొదలుపెట్టిన పనిలో వచ్చినదైతే అది మామూలే. ఎవరో ఫోన్ చేసి పంపమంటే మాత్రం పంపకూడదు.

రెండు సిమ్‌లు ఉన్నవారు ఆ ఎస్‌ఎంఎస్ బ్యాంకుకు ఇచ్చిన నంబరు నుంచే వెళ్తోందో లేదో చూడాలి. ఈ మధ్య మన దేశంలో అమ్మిన ఐఫోన్లలో చాలావాటికి ఒకటి మామూలు సిమ్, రెండోది ఈ-సిమ్ (చిప్ అక్కర్లేకుండా ఫోన్‌లోనే నమోదయ్యే సిమ్). పాత ఫోన్‌లో రెండు చిప్‌లు వాడుతున్నవారు ఒకదాన్ని ఈ-సిమ్‌గా మార్చుకోవాలి. అది కంపెనీ కొట్టుకు స్వయంగా వెళ్లి చేయించుకోవడమే మేలు. కొత్త పరికరంలో మొదటి రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం, పంపే మొత్తం మీద తక్కువ పరిమితి ఉంటుంది. కాబట్టి నేత పనివారికి కూలి చెల్లించే రోజున ఫోన్ మార్చవద్దు. కొట్టులో గోడకు అంటించిన క్యూఆర్ స్టిక్కర్ ఖాతాకు చెందినది, ఫోన్‌కు కాదు. దానికి ఏమీ కాదు.

ఆధార్ వేలిముద్రతో డబ్బు ఇచ్చే బ్యాంకు ప్రతినిధులకు నేను ఒకే మాట చెబుతాను: మారవద్దు. వేలిముద్ర యంత్రాలు, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ ఎక్కువగా ఆండ్రాయిడ్‌కూ, విండోస్ కంప్యూటర్లకూ తయారవుతాయి. అవి తగిలించే ఫోనే మీ జీవనాధారం.

చీరల కొట్టుకు కెమెరా ముఖ్యం. ఫోడ కుంభ అంచు ఉన్న బరంపురం పట్టు ఫొటో కటక్ బేరగాడికి పంపితే రంగు సరిగ్గా కనపడాలి. ఆ విషయంలో రెండు రకాల ఫోన్లలోనూ మంచివి ఉన్నాయి. ఒక్క సర్దుబాటు చాలు. ఐఫోన్ ఫొటోలను తనదైన రూపంలో దాస్తుంది. దాన్ని కొన్ని పాత కంప్యూటర్లు తెరవలేవు. కెమెరా సెట్టింగ్‌లలో అందరికీ తెరుచుకునే రూపాన్ని ఎంచుకుంటే ఆ చిక్కు ఉండదు. మెమరీ కార్డు పెట్టే చోటు ఐఫోన్‌లో లేదు. ఉచిత నిల్వ గూగుల్‌లో 15 జీబీ, ఐక్లౌడ్‌లో 5 జీబీ. వెయ్యి చీరల ఫొటోలు, నూరు పెళ్లి వీడియోలు ఉన్నవారికి ఆ 5 జీబీ చూస్తుండగానే నిండిపోతుంది. ఆ తర్వాత నెలనెలా అద్దె కట్టాలి.

చార్జర్ గురించి కూడా చెప్పాలి. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తర్వాత రోజులు కరెంటు లేకుండా గడిచాయి. అలాంటి రోజుల్లో పక్కింటివారి కేబుల్, వీధి చివర జనరేటరే ఆధారం. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి అందరి ఫోన్లకూ వాడే యూఎస్‌బీ-సి కేబులే పడుతుంది. అంతకుముందటి ఐఫోన్లకు వేరే కేబుల్ కావాలి. పాత ఐఫోన్ వాడేవారు రెండో కేబుల్ కొని ఇంట్లో ఉంచుకోవాలి.

భద్రతలో ఐఫోన్‌కు ఒక మెరుగు ఉంది. పెళ్లి పిలుపు పేరుతో వాట్సాప్‌లో ఒక ఫైలు పంపి, దాన్ని నొక్కగానే ఫోన్‌లో దొంగ యాప్ చేరేలా చేసే మోసం మీద పోలీసులు చాలా చోట్ల హెచ్చరించారు. ఆ ఫైలు ఆండ్రాయిడ్‌ది. ఐఫోన్‌లో అది తెరుచుకోదు. కానీ ఫోన్ చేసి ఓటీపీ అడిగే దొంగకు ఏ ఫోనైనా ఒకటే.

ఇంకో ప్రశ్న మిగిలింది: మనం నమ్ముకున్న ఆపరేటింగ్ సిస్టమే పోతే? అలా జరిగింది. నోకియా లూమియా ఫోన్లు విండోస్ మీద నడిచేవి. తెర అందంగా ఉండేది, ఫోన్ గట్టిగా ఉండేది. కానీ వాడేవారు తక్కువని యాప్‌లు రాసేవారు రాలేదు. యాప్‌లు లేవని వాడేవారు రాలేదు. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొన్న మైక్రోసాఫ్ట్, 2015లో ఆ కొనుగోలు కింద 760 కోట్ల డాలర్లను నష్టంగా రాసేసుకుంది. అప్పటికి ఆ కంపెనీ అధిపతి హైదరాబాదులో పుట్టిన మన సత్య నాదెళ్ల. ఫోన్ల నుంచి తప్పుకోవడం పొరపాటేనని ఆయన 2023లో ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు. 2019 డిసెంబర్ 31తో విండోస్ ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. ఆండ్రాయిడ్‌కు గానీ, ఐఓఎస్‌కు గానీ అలాంటి ప్రమాదం ఇప్పట్లో కనపడదు. మద్రాసు ఐఐటీ 2023 జనవరిలో చూపించిన భారోస్ వంటి మూడో దారి మన ఊరి కొట్లలోకి ఇంకా రాలేదు. కాబట్టి ఎంపిక ఈ రెండింటి మధ్యే.

ఇంతకీ మారాలా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆండ్రాయిడ్‌లో ఇబ్బంది లేనివారు, డబ్బు పెట్టి కొనాల్సి వస్తే ఆండ్రాయిడ్‌లోనే ఉండండి. బ్రాండు కంటే అప్‌డేట్‌లు ఎన్నేళ్లు ఇస్తారో అడిగి కొనండి. గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శామ్‌సంగ్ ఎస్24 నుంచి ఖరీదైన మోడళ్లకు ఏడేళ్ల మాట ఇస్తున్నారు. మధ్యతరగతి ధరలోనూ నాలుగైదేళ్లు ఇచ్చేవి వెతికితే దొరుకుతాయి. కొడుకు ఇచ్చినది ఐఫోన్ 11 గానీ, అంతకంటే కొత్తది గానీ అయితే మారడంలో అర్థం ఉంది. పిల్లలూ, పెద్దలూ ఒకే రకం ఫోన్ వాడితే, ఏదైనా చిక్కు వచ్చినప్పుడు హైదరాబాదు నుంచి దారి చెప్పడం సులువు. అది చిన్న లాభమేమీ కాదు. అంతకంటే పాతదైతే దాన్ని రెండో ఫోన్‌గా, ఫొటోలకు వాడుకోండి. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు తిరిగి వచ్చేవారు ముందుగా ఐ-మెసేజ్‌ను (యాపిల్ వారి సొంత మెసేజ్ సేవ) ఆపేయాలి. లేకుంటే కొన్ని మెసేజ్‌లు పాత ఫోన్ వైపే వెళ్తాయి.

మారాలనుకుంటే ఒక్కటి మాత్రం తప్పక చేయండి. పాత ఫోన్‌ను వెంటనే అమ్మవద్దు, ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వవద్దు, పిల్లలకు ఆటకు ఇవ్వవద్దు. ఒక నెల బీరువాలో పెట్టండి. కొత్త ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, మీకు బాగా కావలసిన మనిషి సంభాషణలోకి వెళ్లి, అన్నిటికంటే పాత వాయిస్ మెసేజ్ దాకా పైకి జరపండి. దాన్ని నొక్కి వినండి. ఆ గొంతు కొత్త ఫోన్‌లో వినపడిన తర్వాతే పాత ఫోన్‌ను చెరపండి.